తెగకూడని మందు: యుద్ధంలో గుండెను కాపాడుకోవడం



ఈ స్మారకోపన్యాసం ఒక జిల్లా ఆసుపత్రి వైద్యుని పేరిట ఏటా జరుగుతోంది. ఆయన మందుల చీటీలో బీపీ మాత్ర పేరు రాసి, దాని కింద గీత గీసి, “ఆపవద్దు” అని పెద్ద అక్షరాలతో రాసేవారని ఆయన దగ్గర వైద్యం చేయించుకున్నవారు ఇప్పటికీ చెబుతారు. నాట్లు, కోతలు, పెళ్ళిళ్ళు, తీర్థయాత్రలు, చేతిలో డబ్బాడకపోవడం... మాత్ర మానెయ్యడానికి రోగికి సవాలక్ష కారణాలు దొరుకుతాయని ఆయనకు తెలుసు. ఈ ఏటి ఉపన్యాసం వాటన్నిటినీ మించిన కారణం గురించి. అది యుద్ధం.

యుద్ధమనగానే కళ్ళ ముందు మెదిలేవి తూటా గాయాలు, కూలిన ఇళ్ళు, స్ట్రెచర్ల మీద పిల్లలు. అయితే బాంబులు పడే ఊళ్ళలోనూ బీపీ ఉన్న తాతలుంటారు, షుగరు ఉన్న అమ్మలుంటారు, ఏడాది కిందటే స్టెంటు వేయించుకున్న బడిపంతుళ్ళుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవారు 1 కోటి 79 లక్షల మంది. వీటిలో నాలుగింట మూడు వంతులకు పైగా మరణాలు పేద, మధ్యాదాయ దేశాల్లోనివి. నేటి యుద్ధాల్లో ఎక్కువ భాగం సాగుతున్నదీ ఆ దేశాల్లోనే. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ అంచనాలో, 2024 చివరికి యుద్ధం, హింస, వేధింపుల వల్ల ఇల్లు వదిలిపోయినవారు 12.32 కోట్లు. వారిలో నడివయసు దాటిన చాలామందికి గుండె సంగతి రోజువారీ సంగతే.

లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 23 యుద్ధాలకు సంబంధించిన 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2019లో ఒక సమీక్ష ప్రచురించారు. యుద్ధం తగిలిన పౌరుల్లో గుండెపోట్లు, పక్షవాతం, రక్తపోటు, కొలెస్ట్రాల్, పొగాకు, మద్యం వాడకం పెరుగుతున్నాయని అది తేల్చింది. ఈ పెరుగుదలకు కారణమయ్యే దారులు ఒక్కొక్కటే చూస్తే, చాలావరకు మూసెయ్యగలిగినవే కనిపిస్తాయి. ఈ ఉపన్యాసం చెప్పదలచుకున్నది అదే: యుద్ధప్రాంతంలో గుండెను కాపాడే పని చాలావరకు చవకైన పని, తెలిసిన పని. కావలసింది అది తెగకుండా సాగడం.

సైనికుల ఛాతీ మీద స్టెతస్కోపు

యుద్ధానికీ గుండెకూ సంబంధం ఉందని వైద్యులు వివరంగా రాసిపెట్టిన తొలినాటి సందర్భాల్లో ఒకటి అమెరికా అంతర్యుద్ధం. ఫిలడెల్ఫియాలోని టర్నర్స్ లేన్ ఆసుపత్రికి యుద్ధరంగం నుంచి పంపిన సైనికుల్లో కొందరికి ఒంటి మీద గాయమే లేదు. గుండె దడదడలాడుతుంది, ఛాతీలో నొప్పి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. జేకబ్ మెండెస్ డా కోస్టా అనే వైద్యుడు ఇలాంటివారిని 300 మందికి పైగా పరీక్షించి 1871లో తన పరిశీలనలు ప్రచురించాడు. జ్వరం, విరేచనాలతో నీరసించిన ఒంటితో బరువులు మోస్తూ రోజుల తరబడి నడవడం, ఎడతెగని ఆందోళన ఈ స్థితికి ముందుండేవని ఆయన రాశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైద్యుడు థామస్ లూయిస్ ఇలాంటి సైనికులనే మరింత పెద్ద సంఖ్యలో చూశాడు. వీరిలో చాలామందికి గుండె కండరంలో గానీ కవాటాల్లో గానీ లోపం లేదు. అప్పట్లో అది వైద్యులకు చిక్కుముడి. భయం శరీరంలో ఏయే హార్మోన్లను ఎగదోస్తుందో తెలిసిన ఈ కాలానికి అది అంత చిక్కుముడి కాదు.

రెండో దృశ్యం కొరియా. ఆ యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికులకు శవపరీక్ష చేసిన ముగ్గురు వైద్యులు 1953లో ఫలితాలు ప్రచురించినప్పుడు వైద్యలోకం ఉలిక్కిపడింది. చనిపోయినవారి సగటు వయసు 22 ఏళ్ళు. గుండె రక్తనాళాల్లో జబ్బు జాడలు కంటికి కనిపించినవారు 77 శాతం. గుండెపోటు అరవై ఏళ్ళవాళ్ళ జబ్బు అనుకునే రోజుల్లో, దానికి విత్తనం ఇరవైలలోనే పడుతోందని రుజువైంది. నివారణ చిన్నప్పుడే మొదలుకావాలన్న ఆలోచనకు ఈ అధ్యయనమే పెద్ద ఊతం.

దానికి కొనసాగింపు 2012లో వచ్చింది. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల కాలంలో మరణించిన 3,832 మంది అమెరికన్ సైనికుల శవపరీక్ష నివేదికలు తిరగేస్తే, గుండె రక్తనాళాల్లో పూడిక కనిపించినవారు 8.5 శాతమే. పరీక్షా పద్ధతులు రెండుసార్లూ ఒకటి కాదు గనుక రెండు అంకెలనూ తూకం వేసినట్టు పోల్చకూడదు. అయినా తేడా ఇంత పెద్దదిగా ఉన్నప్పుడు, మధ్యలో గడిచిన ఆరు దశాబ్దాల్లో పొగతాగడం తగ్గడం, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులోకి రావడం తమ పని చేశాయని పరిశోధకులు భావించారు. ఒక జాతి మొత్తం తలచుకుంటే రక్తనాళాల జబ్బును వెనక్కి నెట్టగలదు.

ఒకే యుద్ధం, మూడు ఆకళ్ళు

రెండో ప్రపంచయుద్ధంలో నార్వే 1940 నుంచి 1945 దాకా జర్మన్ ఆక్రమణలో ఉంది. వెన్న, మాంసం, గుడ్లు, పొగాకు కరువయ్యాయి. జనం బంగాళాదుంపలు, చేపలు, కూరగాయలతో కాలం గడిపారు. యుద్ధం ముగిశాక ఆక్సెల్ స్ట్రోమ్, జెన్సెన్ అనే పరిశోధకులు మరణాల పట్టికలు తిరగేస్తే, గుండె, రక్తనాళాల జబ్బుల మరణాలు ఆక్రమణ ఏళ్ళలో స్పష్టంగా తగ్గాయని తేలింది. యుద్ధం ముగిసి కొవ్వు పదార్థాలు తిరిగి బల్లమీదికి రాగానే మరణాలు కూడా తిరిగి పెరిగాయి. 1951లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయిన ఈ ఫలితం యుద్ధం గుండెకు మంచిదని చెప్పడం లేదు. నాళాల జబ్బు తలరాత కాదనీ, తిండి, పొగాకు మారితే నాలుగైదేళ్ళలోనే దేశం మొత్తం మరణాల పట్టిక మారుతుందనీ చెబుతోంది.

అదే సమయంలో అక్కడికి తూర్పున లెనిన్‌గ్రాడ్ ఉంది. 1941 సెప్టెంబరు 8న మొదలైన ముట్టడి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు సాగింది. 1941 నవంబరు 20 నుంచి డిసెంబరు 25 దాకా పిల్లలకు, గుమాస్తాలకు, ఇంటిపట్టున ఉన్నవారికి రోజుకు ఇచ్చిన రొట్టె 125 గ్రాములు. అరచేతిలో ఇమిడే ముక్క అది. అందులోనూ పిండి పూర్తిగా పిండి కాదు, సెల్యులోజ్ వంటివి కలిపేవారు. ఆ చలికాలంలో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు.

బతికినవారి కథ అక్కడితో ముగియలేదు. ఆకలి తీవ్రత కాస్త తగ్గి, సరుకులు రావడం మొదలయ్యాక, నగరంలోని వైద్యులు వింత చూశారు. ఆసుపత్రులకు అధిక రక్తపోటుతో వచ్చేవారు గుంపులు గుంపులుగా పెరిగారు. చలి, గుళ్ళవాన, నిద్రలేమి, చిక్కిన ఒంటికి హఠాత్తుగా తిండి తగలడం, అన్నీ కలిసి పనిచేశాయి. అరవై ఏళ్ళ తర్వాత, 2004లో, స్వీడన్, రష్యా పరిశోధకులు ముట్టడిని దాటివచ్చిన మగవారి దీర్ఘకాల ఆరోగ్యాన్ని ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో నమోదు చేశారు. 1916, 1935 సంవత్సరాల మధ్య పుట్టిన 3,905 మందిని వారు అనుసరించారు. ముట్టడిలో ఉన్నవారికి లేనివారికంటే రక్తపోటు ఎక్కువ. గుండెజబ్బు, పక్షవాతం మరణాలూ ఎక్కువే. ఈ ప్రభావం బలంగా కనిపించింది ఆకలి ముదిరిన రోజుల్లో 9 నుంచి 15 ఏళ్ళ వయసున్నవారిలో. ఒళ్ళు ఎదిగే వయసులో పడిన దెబ్బను రక్తనాళాలు ముదిమి దాకా గుర్తుంచుకున్నాయి.

మూడో ఆకలి నెదర్లాండ్స్‌ది. 1944–45 చలికాలంలో జర్మన్ సేనలు ఆహార రవాణాను అడ్డుకోగా, పశ్చిమ ప్రాంత నగరాల్లో రేషన్ రోజుకు వెయ్యి కేలరీల కిందికి దిగిపోయింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని విల్హెల్మినా గాస్ట్‌హౌస్ ఆసుపత్రి ఆ రోజుల్లోనూ కాన్పుల రికార్డులు శ్రద్ధగా రాసిపెట్టింది. యాభై ఏళ్ళ తర్వాత ఆ రికార్డుల్లోని శిశువులను పరిశోధకులు వెతికి పట్టుకున్నారు. తల్లి కడుపులో తొలి నెలల్లో ఉండగా కరువు తగిలినవారిలో గుండె రక్తనాళాల జబ్బు 8.8 శాతం. కరువు తగలనివారిలో 3.2 శాతం. ఆకలిలో కూడా పెన్ను దించని ఆ నర్సులు, డాక్టర్ల వల్లనే ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. శరణార్థి శిబిరాల్లో గర్భిణికి ఇచ్చే పౌష్టికాహారం అర్ధశతాబ్దం తర్వాతి గుండెజబ్బుకు కూడా నివారణ అని వాదించడానికి నేటి వైద్యుల చేతిలో ఉన్న ఆధారాల్లో ఇది ముఖ్యమైనది.

గీత దాటి పనికి వెళ్ళిన మనుషులు

1975 నుంచి 1990 దాకా సాగిన లెబనాన్ అంతర్యుద్ధంలో బేరూట్ నగరం తూర్పు, పడమరలుగా చీలిపోయింది. మధ్యన మనుషులు లేక పిచ్చిమొక్కలు మొలిచిన వీధుల వరుసను జనం ‘ఆకుపచ్చ గీత’ అన్నారు. ఇల్లు ఒక పక్క, ఉద్యోగమో అంగడో మరోపక్క ఉన్నవారు ఆ గీతను దాటాల్సిందే. చెక్‌పోస్టులో ఎవరుంటారో తెలియదు, ఏ మేడ మీద తుపాకీ పట్టుకుని ఎవరు కాచుకున్నారో తెలియదు, సాయంత్రం వెనక్కి రావడానికి దారి తెరిచి ఉంటుందో లేదో తెలియదు. మర్నాడు మళ్ళీ అదే ప్రయాణం.

బేరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయానికి చెందిన అబ్లా సిబాయ్, హరుత్యూన్ అర్మేనియన్ బృందం ఈ ప్రయాణాన్ని వైద్యప్రశ్నగా మార్చింది. యాంజియోగ్రామ్‌లో గుండె నాళాల పూడిక రుజువైనవారిని, పూడిక లేనివారితో పోల్చి, యుద్ధంలో ఎవరు ఏమేం అనుభవించారో అడిగి రాసుకున్నారు. 1989లో ప్రచురించిన ఫలితాల్లో, ఆకుపచ్చ గీత దాటడానికీ నాళాల జబ్బుకూ సంబంధం కనిపించింది. బాంబు దాడి జరుగుతున్న నగరంలోనే, ఆసుపత్రి తలుపులు మూయకుండా, గుండెజబ్బు మీద ఇంత నికార్సయిన పరిశోధన చేసినవారికి వైద్యలోకం ఋణపడి ఉంది.

బేరూట్‌ది ఏళ్ళ తరబడి నెమ్మదిగా కోసిన గాయం. ఒక్క రాత్రిలో తగిలే దెబ్బకు ఉదాహరణ 1991 జనవరిలో దొరికింది. గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ క్షిపణులు ఇజ్రాయెల్ నగరాల మీద పడిన తొలి రోజుల్లో టెల్ అవీవ్ ప్రాంతంలో గుండెపోట్లు, హఠాన్మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. చిత్రమేమంటే క్షిపణులు రావడం ఆగకముందే ఆ సంఖ్య మామూలు స్థితికి వచ్చేసింది. సైరన్ మోగినప్పుడు అడ్రినలిన్ పొంగుతుంది, రక్తపోటు ఎగబాకుతుంది, నాళం గోడ మీద అప్పటికే పేరుకున్న కొవ్వు పొర పాత గోడ పెచ్చులా చిట్లుతుంది, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పటికే నాళాలు దెబ్బతిన్నవారికి ఈ ముప్పు ఎక్కువ. అందుకే సైరన్లు మోగే ముందే, శాంతికాలంలోనే, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులో ఉన్న సమాజం ఆ రాత్రిని ఎక్కువ ప్రాణాలతో దాటుతుంది.

యుద్ధం ముగిశాక మనసులో మిగిలే భయం కూడా గుండెను వదలదు. వియత్నాం యుద్ధకాలపు అమెరికన్ సైనికుల్లో కవల సోదరులను అనుసరించిన అధ్యయనం 2013లో వెలువడింది. యుద్ధపు పీడకలలు, ఉలికిపాట్లు వదలని మానసిక రుగ్మత ఉన్నవారిలో 22.6 శాతం మందికి గుండెజబ్బు వచ్చింది. ఆ రుగ్మత లేనివారిలో 8.9 శాతం మందికి వచ్చింది. ఒకే కడుపున పుట్టి, ఒకే ఇంట్లో పెరిగినవారిని పోల్చినా తేడా పూర్తిగా పోలేదు. శిబిరంలో మానసిక వైద్యుని గుడారం, బీపీ చూసే గుడారం పక్కపక్కన ఉండాలనడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

జీతానికి బదులు సిగరెట్లు

1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా సరాయెవో ముట్టడిలో ఉంది. కరెంటు లేదు, నీళ్ళు లేవు, చెట్లు నరికి పొయ్యిలో పెట్టుకున్నారు. అంతటి కరువులోనూ నగరంలోని పొగాకు ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. పెట్టెలకు అట్ట దొరకక సిగరెట్లను అచ్చయిన పాత కాగితాల్లో, పుస్తకాల పేజీల్లో చుట్టి అమ్మారు. సైనికుల జీతంలో కొంత సిగరెట్ల రూపంలోనే ముట్టింది. అంగట్లో అవే డబ్బుగా చెలామణి అయ్యాయి. ఆకలినీ, భయాన్నీ కాసేపు మరిపించేది మరొకటి దొరకని చోట ఒకరిని తప్పుపట్టడం సులువు కాదు. కానీ గుండెనాళాల మీద ఆ పొగ చేసే పని ముట్టడి ఎత్తేసినంత మాత్రాన ఆగదు.

అమెరికా సైన్యం ఆహారపు పొట్లాల్లో సిగరెట్లు పెట్టి పంచడం 1975 దాకా సాగింది. రెండో ప్రపంచయుద్ధం, కొరియా యుద్ధాల మాజీ సైనికుల మరణాలను పరిశీలించిన ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఒక లెక్క తేల్చారు. సైన్యంలో చేరనివారికంటే వీరిలో అదనంగా కనిపించిన గుండెజబ్బు, ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాల్లో పెద్ద వాటా సైన్యంలో అంటుకున్న పొగతాగే అలవాటుదే. ప్రభుత్వమే చేతికిచ్చిన అలవాటు అది. సహాయ సంస్థలు పంచే సరుకుల్లో, సైన్యం ఇచ్చే పొట్లాల్లో పొగాకు ఉండకూడదన్న నియమం గుండెజబ్బు నివారణలో ఖర్చే లేని మొదటి మెట్టు.

మందు తెగిన చోట

యుద్ధానికి ముందు సిరియా తన మందుల అవసరాల్లో దాదాపు 90 శాతం తానే తయారుచేసుకునేది. ఆ ఫ్యాక్టరీల్లో చాలావాటికి అలెప్పో పరిసరాలే నెలవు. 2012 జూలైలో అలెప్పోలో పోరు మొదలయ్యాక ఫ్యాక్టరీలు కొన్ని ధ్వంసమయ్యాయి, కొన్ని మూతపడ్డాయి, రోడ్లు తెగిపోయాయి. ఆ నగరంలో ఎవరి మీదా బాంబు పడకపోయినా, బీపీ మాత్రలు, ఇన్సులిన్ దొరకని ఆ ఒక్క కారణంతోనే జబ్బు ముదిరేది.

మాత్ర ఆగితే ఏమవుతుందో మామూలు మనిషికి తెలియడం అవసరం. అమ్లోడిపిన్ వంటి మాత్ర ఆపితే బీపీ మళ్ళీ పాత స్థాయికి చేరుతుంది. రోగికి ఏమీ తెలియదు, నాళాలకు తెలుస్తుంది. ఛాతీనొప్పికి వాడే బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి ఆపితే నొప్పి తిరగబెట్టి, గుండెపోటు కూడా రావచ్చు. స్టెంటు వేసిన తొలి నెలల్లో క్లోపిడోగ్రెల్ మానేస్తే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు. కృత్రిమ కవాటం ఉన్నవారు వార్ఫరిన్ వాడుతూ, రక్తం ఎంత పలచబడిందో తరచు పరీక్ష చేయించుకోవాలి. ఇంట్లోంచి పరుగెత్తే క్షణంలో పాస్‌పోర్టు, పిల్లల చెప్పులు గుర్తుంటాయి గానీ మందుల డబ్బా అలమరలోనే ఉండిపోతుంది.

జోర్డాన్‌కు చేరిన సిరియన్ కుటుంబాల్లో సగానికి పైగా ఇళ్ళలో ఎవరో ఒకరికి బీపీ, షుగరు, గుండెజబ్బు వంటి దీర్ఘవ్యాధి ఉందని సర్వేల్లో తేలింది. మొదట్లో జోర్డాన్ ప్రభుత్వం వారికి వైద్యం ఉచితంగా అందించింది. భారం మోయలేక 2014 నవంబరులో ఆ వెసులుబాటు ఎత్తేసి, బీమా లేని జోర్డాన్ పౌరులతో సమానంగా రుసుము పెట్టింది. పేద దేశం మోసిన బరువును ధనిక దేశాలు పంచుకోకపోతే చివరికి కత్తిరింపు పడేది ఇలా నెలవారీ మందు మీదే. అదే ఏడాది డిసెంబరులో ‘సరిహద్దులు లేని వైద్యులు’ సంస్థ ఇర్బిద్‌లో దీర్ఘవ్యాధుల కోసమే క్లినిక్ తెరిచింది. అక్కడ మంచం పట్టిన రోగుల దగ్గరికి ఇంటికే వెళ్ళారు, ఆరోగ్య బోధకులను పెట్టారు, అందరికీ ఒకే వైద్యక్రమం పాటించారు.

ఉక్రెయిన్‌లో యుద్ధానికి ముందే మరణాల్లో 60 శాతానికి పైగా గుండె, రక్తనాళాల జబ్బులవే. అక్కడి ప్రభుత్వం 2017 ఏప్రిల్‌లో ‘అందుబాటు మందులు’ అనే పథకం తెచ్చి, గుండెజబ్బు, షుగరు, ఆస్తమా మందులను ఉచితంగానో స్వల్ప ధరకో ఇచ్చింది. 2019 నుంచి చీటీ కంప్యూటర్‌లోకి ఎక్కింది. 2022 ఫిబ్రవరి 24 తర్వాత లక్షల మంది తూర్పు నుంచి పడమరకు పారిపోయినప్పుడు, కాగితం పోయినా చీటీ పోలేదు. పథకంలో ఉన్న ఏ మందుల దుకాణంలోనైనా మాత్రలు తీసుకునే వీలుంది. ఆ రోజుల్లోనే భారత ప్రభుత్వం నడిపిన ‘ఆపరేషన్ గంగ’లో ఉక్రెయిన్ నుంచి వెనక్కి వచ్చిన వైద్య విద్యార్థుల్లో ఆంధ్ర, తెలంగాణ పిల్లలూ చాలామంది ఉన్నారు. మెట్రో సొరంగాల్లో తలదాచుకున్న వృద్ధులను కళ్ళారా చూసిన ఆ యువ వైద్యులకు ఈ ఉపన్యాస విషయం పుస్తకాల్లోది కాదు.

చేతిలో ఉన్న పనులు

విపత్తు సహాయానికి కనీస ప్రమాణాలు చెప్పే ‘స్ఫియర్’ కరదీపిక దీర్ఘవ్యాధుల చికిత్సను కూడా సహాయంలో భాగంగానే లెక్కిస్తుంది. కలరా, తట్టు, గాయాలతో పాటు బీపీ, షుగరు వైద్యం కూడా తొలిరోజు నుంచే ఉండాలన్నది దాని సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన దీర్ఘవ్యాధుల మందుల కిట్టు 10,000 మంది జనాభాకు 3 నెలలు సరిపోతుంది. లారీలో ఎక్కించి పంపగలిగిన కిట్టు అది. మొదటి మూడు నెలలు గడిచాక నాలుగో నెల సరుకు ఎక్కడినుంచి వస్తుందన్నది మొదటి రోజే తేలాలి.

ఎలా నడపాలో తెలుసుకోవడానికి తెలుగువారు దూరం వెళ్ళక్కర్లేదు. 2017 నవంబరులో దేశంలో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. దాని సూత్రాలు ఐదే: అందరికీ ఒకే మందుల క్రమం, తెగని సరఫరా, డాక్టరుతో పాటు నర్సు, ఏఎన్ఎం, ఆశా అంతా పంచుకునే పని, రోగికి ఇంటి దగ్గర మందు, ఎవరి బీపీ అదుపులో ఉందో లెక్క. ఫలానా డాక్టరు ఫలానా మందు అనే పట్టింపు లేనప్పుడు, రెండు మూడు రకాల మాత్రలే పెద్దమొత్తంలో కొనవచ్చు, ధర పడిపోతుంది, దొరకని రోజు తగ్గుతుంది. శరణార్థి శిబిరానికి అచ్చంగా కావలసిన క్రమం ఇదే.

ఇంకో సాధనం కలగలుపు మాత్ర. బీపీ మందులు, స్టాటిన్, ఆస్పిరిన్ ఒకే మాత్రలో ఉంటాయి. ఇరాన్‌లోని గోలెస్తాన్ ప్రాంత గ్రామాల్లో 6,838 మందితో జరిగిన పరీక్షలో, ఈ మాత్ర ఇచ్చిన గ్రామాల్లో ఐదేళ్ళలో పెద్ద గుండెజబ్బు సంఘటనలు 34 శాతం తగ్గాయని 2019లో వెల్లడైంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. నాలుగు డబ్బాలకు బదులు ఒక్క డబ్బా మోసుకుపోగలగడం, నడిచిపోయే మనిషికి చిన్న వెసులుబాటు కాదు.

శిబిరాల్లో యువతను కబళించే గుండెజబ్బు మరొకటి ఉంది. కిక్కిరిసిన గదుల్లో గొంతునొప్పి ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. దానికి వైద్యం జరగకపోతే కొందరికి రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు పాడవుతాయి. దీనికి నివారణ దొరికింది కూడా సైనిక బారకాసుల్లోనే. అమెరికాలోని వారెన్ వైమానిక స్థావరంలో రామెల్‌క్యాంప్, వానమేకర్, డెన్నీ బృందం 1950లో ప్రచురించిన పరీక్షలో గొంతునొప్పి వచ్చినవారిని సుమారు 800 మంది చొప్పున రెండు వర్గాలు చేశారు. పెనిసిలిన్ ఇంజక్షన్ ఇచ్చినవారిలో ఇద్దరికి, ఇవ్వనివారిలో 17 మందికి రుమాటిక్ జ్వరం వచ్చింది. ఇప్పటికీ మందు అదే. ఒకసారి జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకటి చొప్పున ఏళ్ళ తరబడి ఇవ్వాల్సిన ఆ ఇంజక్షన్ ధర చాలా తక్కువ. గుడారాల మధ్య దూరం పెంచడం, కిటికీలు తెరవడం కూడా ఇక్కడ గుండె వైద్యమే.

తిండి సంగతి. సహాయ సంస్థల రేషన్‌లో పిండి లేదా బియ్యం, నూనె, పప్పు, పంచదార, ఉప్పు ప్రధానం. ప్రాణం నిలపడానికి అవి తప్పవు. కానీ శిబిరం ఏడాది, రెండేళ్ళు, పది, నలభై ఏళ్ళు సాగినప్పుడు అవే సరుకులు ఊబకాయానికి, బీపీకి దారితీస్తాయి. 1975 నుంచి అల్జీరియాలోని టిండూఫ్ ఎడారి శిబిరాల్లో బతుకుతున్న సహ్రావీ కుటుంబాల్లో ఒకే ఇంట్లో పోషకాహార లోపం, స్థూలకాయం రెండూ కనిపించాయని పరిశోధకులు రాశారు. సరుకుల బదులు, కూరగాయలు కొనుక్కోవడానికి కూపన్లో నగదో ఇస్తే, అంగడి పనిచేసే చోటల్లా ఇది కొంత సరిదిద్దవచ్చు.

ఇక రోగి చేతిలో ఉండాల్సిన కార్డు. అరచేయంత అట్టముక్క, ప్లాస్టిక్ కవరు. దాని మీద పేరు, పుట్టిన ఏడాది, జబ్బు పేరు, మందు రసాయన నామం, మోతాదు, చివరిసారి చూసిన బీపీ, స్టెంటు వేసి ఉంటే ఆ తేదీ. కంపెనీ పేరు రాస్తే సరిహద్దు దాటాక ఉపయోగం లేదు. అలెప్పోలో అమ్మిన పేరు ఇర్బిద్‌లోని దుకాణదారుకు తెలియకపోవచ్చు. ‘అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు’ అంటే మాత్రం ఎక్కడైనా తెలుస్తుంది. ఉద్రిక్తత పెరుగుతున్న ప్రాంతాల్లో మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలన్న నిర్ణయం, ఈ కార్డు, రెండూ కలిస్తే పారిపోయే మనిషికి కొన్నాళ్ళ వ్యవధి దొరుకుతుంది.

ఇదంతా సాగాలంటే ఆసుపత్రి నిలబడి ఉండాలి. యుద్ధాల్లో ఆసుపత్రుల మీద, వైద్యుల మీద దాడులను ఖండిస్తూ భద్రతామండలి 2016 మేలో 2286వ తీర్మానం చేసింది. ఆ తర్వాత కూడా ఆసుపత్రుల మీద బాంబులు పడుతూనే ఉన్నాయి. ఇసిజి యంత్రం ధ్వంసమైతే, క్యాథ్ ల్యాబ్ మూతపడితే, గుండెపోటు వచ్చిన మనిషికి మిగిలేది అదృష్టమే. వైద్యసంఘాలు ఏ దేశానివైనా, ఏ పక్షానివైనా, ఈ ఒక్క విషయంలో నోరు విప్పక తప్పదు.

కాల్పులు ఆగాక

2012లో అలెప్పోలో తొమ్మిది నుంచి పదిహేనేళ్ళ వయసున్న పిల్లలు ఇప్పుడు ఇరవైలలో ఉన్న యువతీ యువకులు. లెనిన్‌గ్రాడ్‌లో ఎక్కువ దెబ్బ తిన్నది సరిగ్గా ఆ వయసువారే. సిరియాలోనే ఉండిపోయినవారు, జోర్డాన్, లెబనాన్, టర్కీ, జర్మనీలకు చెదిరిపోయినవారు, అంతా 2050 ప్రాంతంలో యాభైలలోకి అడుగుపెడతారు. ఆ సమయానికి ఏమవుతుందో ఊరికే చూస్తూ కూర్చోవలసిన అవసరం ఎవరికీ లేదు. వారికి ఇప్పటి నుంచే ఏడాదికొకసారి బీపీ చూడాలి, పొగ మానేందుకు సాయం చేయాలి, పీడకలలు వదలనివారికి వైద్యం అందాలి.

సూడాన్, యెమెన్, గాజా, ఉక్రెయిన్ పిల్లల విషయంలో ఆ పని ఇంకా ముందే మొదలుపెట్టవచ్చు. యుద్ధం ఏ వయసులో తగిలింది, ఎన్నాళ్ళు తిండి దొరకలేదు అన్న వివరాలు ఆరోగ్య రికార్డులో ఒక వరుసగా చేరితే, రేపటి వైద్యుడు ఎవరిని ముందుగా పిలవాలో తెలుసుకుంటాడు. బడిలో ఒక బీపీ మిషను, ఒక నర్సు, తెగకుండా రాసే ఒక రిజిస్టరు చాలు. కాల్పుల విరమణ సంతకాల తర్వాత దాత దేశాలు వంతెనలకు, కరెంటు స్తంభాలకు నిధులు ప్రకటించే సమావేశాల్లోనే ఈ పద్దు కూడా, ఇరవై ముప్ఫై ఏళ్ళ హామీతో, చేరాలని ఆ దేశాల వైద్యులు అడగాలి. వారికి తోడుగా మన వైద్యసంఘాలూ అడగాలి.